గెస్ట్ క్యాష్‌ను ఖాళీ చేయమంటే హైపర్‌వైజర్ వినాలా? కేవీఎం పద్ధతిపై విమర్శనాత్మక పరిశీలన

వర్చువల్ మెషీన్‌లో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌ను గెస్ట్ అంటామని ఇదివరకే చదివారు. ప్రాసెసర్ అంతా తనదేనని అది అనుకుంటుంది. బూట్ అయ్యేటప్పుడో, నిద్రాస్థితికి వెళ్లేటప్పుడో సంకోచం లేకుండా 'డబ్ల్యుబిఇన్‌వ్‌డి' ఆదేశం ఇస్తుంది. 1989లో ఇంటెల్ 486తో వచ్చిన ఈ ఆదేశం క్యాష్‌లో మారిన డేటానంతా మెమరీకి రాసి, క్యాష్‌ను పూర్తిగా ఖాళీ చేస్తుంది. సీఎల్‌ఫ్లష్ సాధారణంగా 64 బైట్ల ఒక్క లైనుతో ఆగుతుంది. ఇది ఇల్లంతా ఊడ్చేస్తుంది, ముగిసేదాకా ఇంటరప్టులూ ఆగాల్సిందే. ఆ ఇంట్లో పక్క గెస్ట్‌లూ కాపురముంటాయి. తిరువూరులో మీరు ఫోన్‌లో తెరిచే పరీక్షా ఫలితాన్ని పంపే సర్వర్ అలాంటి పక్క గెస్టే కావచ్చు.

2007లో లినక్స్ 2.6.20తో విడుదలైన కేవీఎం ఈ ఆదేశాన్ని మధ్యలో పట్టుకుని, చాలా సందర్భాల్లో ఏమీ చేయకుండానే గెస్ట్‌ను ముందుకు పంపుతుంది. ఇది మోసంలా కనిపిస్తుంది గాని, సమర్థనీయమే. ఎక్స్86 యంత్రాల్లో పరికరాల డీఎంఏ సాధారణంగా క్యాష్‌తో పొంతన తప్పదు కనుక, ఊడ్చకపోయినా గెస్ట్‌కు తప్పుడు విలువ కనబడదు.

అసలు చిక్కు నిజమైన పరికరాన్ని గెస్ట్‌కు నేరుగా అప్పగించినప్పుడు వస్తుంది. ఆ పరికరం క్యాష్‌ను చూడకుండా మెమరీని చదివితే పాత డేటా దొరుకుతుంది. అందుకే 2010లో కేవీఎం ఇలాంటి గెస్ట్‌లకు ఆదేశాన్ని నిజంగా అమలు చేయడం మొదలుపెట్టింది. వర్చువల్ ప్రాసెసర్ ఒక కోర్ నుంచి మరో కోర్‌కు మారుతుంటుంది. పాత కోర్ క్యాష్‌లో దాని డేటా మిగిలిపోవచ్చు. కాబట్టి అది నడిచిన కోర్లను గుర్తుపెట్టుకుని, వాటిపై మాత్రమే ఊడుస్తుంది. పొదుపైన ఆలోచన. అయినా ఖర్చు పొరుగువారి మీదా పడుతుంది. ఫలానా గెస్ట్ డేటా మాత్రమే రాయమని చెప్పే వీలు ఆ ఆదేశంలో లేదు. ఈ లోపం హార్డ్‌వేర్‌ది.

కేవీఎంను తప్పుపట్టవలసింది మరోచోట. ఏఎండీ ఎస్‌ఈవీ గెస్ట్‌ల మెమరీ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. కొన్ని ప్రాసెసర్లలో ఒకే చోటి ఎన్‌క్రిప్ట్ అయిన, కాని కాపీలకు క్యాష్‌లో పొంతన ఉండదు. ఆ మెమరీని వెనక్కి తీసుకునేటప్పుడు హోస్ట్ అన్ని కోర్లపైనా డబ్ల్యుబిఇన్‌వ్‌డి నడిపేది. గెస్ట్ అడుగుపెట్టని కోర్లకూ ఈ శిక్ష ఎందుకు? నడిచిన కోర్లకే పరిమితం చేసే ఉపాయం పక్క ఫైలులో ఏళ్లుగా ఉంది. తర్వాతి మార్పులతో అది ఇక్కడికీ వచ్చింది. వీలున్న ప్రాసెసర్లలో, మెమరీకి రాసినా క్యాష్‌ను ఖాళీ చేయని 'డబ్ల్యుబినోఇన్‌వ్‌డి'ని వాడుతున్నారు.