వాకిలి మార్చుకోవచ్చు, ఉత్తరాలో?

వంకాయలు కొనడానికి వెళితే ప్రతి కాయా తిప్పి చూస్తాం. పుచ్చుందేమోనని తొడిమ పక్కన వేలు పెట్టి మరీ చూస్తాం. చీర అంచూ, కందిపప్పులో రాయీ, పాలలో నీళ్ళూ - మన కళ్ళు కప్పి ఎవరూ ఏదీ అంటగట్టలేరు. అలాంటి మనం కంప్యూటరు ముందు కూర్చునేసరికి మాత్రం "అబ్బాయి ఏది పెడితే అదే" అంటాం. "మీరే బ్రౌజరు వాడుతున్నారు వదినా?" అని మొన్న పక్కింటావిడను అడిగితే, "ఏమోనమ్మా, రంగుల చక్రంలా వుంటుందే, అది" అంది. ఆవిడననుకుని ఏం లాభం? ఒకప్పుడు నా సంగతీ అంతేగా!

బ్రౌజరంటే బ్రహ్మవిద్యేమీ కాదు. ఇంటర్నెట్టనే వీధిలోకి మన ఇంటి వాకిలి. టిమ్ బెర్నర్స్ లీ 1990లో మొదటి వాకిలి పెట్టాడు. ఆ తర్వాత ఎన్ని వచ్చాయో, ఎన్ని పోయాయో! ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ కనిపించిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకి 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ వారే మంగళం పాడేశారు.

ఇప్పుడు ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించేవి క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్. ఆపిల్ కంప్యూటరైతే సఫారీ. 2008లో వచ్చిన క్రోమ్ చురుకైనదే, కాదనను. ఏ బ్యాంకు పనికైనా, ఏ పరీక్ష ఫారానికైనా పేచీ పెట్టదు. కానీ దాన్ని తయారుచేసే గూగుల్‌కి ముఖ్యమైన రాబడి ప్రకటనల మీద. వాకిలి కట్టినవాడే ప్రకటనల వ్యాపారి అయితే, మనం ఎక్కడికి వెళ్ళొస్తున్నామో అన్నదాని మీద కన్నుండదా? పోనీ ఎడ్జ్‌కి మారదామంటే, అదీ 2020 నుంచీ క్రోమియం అనే ఆ పిండితోనే వేసిన అట్టు. పైన చల్లిన ఉల్లిపాయముక్కలే తేడా!

ఫైర్‌ఫాక్స్ పిండి వేరు. దాని వెనకనున్న మొజిల్లా లాభాపేక్ష లేని సంస్థ. ప్రకటనల్ని అడ్డుకునే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఉపకరణం, క్రోమ్ వద్దు పొమ్మన్నాక కూడా, ఇందులో హాయిగా పనిచేస్తోంది. అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. మొజిల్లా వారి సంసారం కూడా చాలావరకు గూగుల్ ఇచ్చే డబ్బుతోనే నడుస్తోంది. పైగా అప్పుడప్పుడూ కొన్ని సైట్లు దీనిలో మొరాయిస్తాయి. అందుకని రోజువారీ పనులకి ఫైర్‌ఫాక్స్, మొరాయించిన రోజున క్రోమ్ - ఇదీ మా ఇంటి ఏర్పాటు. మీకు నచ్చకపోతే మార్చేసుకోండి. పది నిమిషాల పని. కొంపలేం మునగవు.

కొంపలు మునిగేది ఉత్తరాల దగ్గర.

మా నాన్నగారు వచ్చిన ప్రతి కార్డునీ ఇనప తీగకి గుచ్చి వుంచేవారు. 1962 నాటి కార్డులు ఇప్పటికీ మా అటక మీదున్నాయి. సిరా వెలిసిపోయింది గాని, మా మేనత్త దస్తూరీ మాత్రం పోల్చుకోవచ్చు. మా అక్క ఉత్తరాలే లేవు.

అక్క విశాఖపట్నంలో వుండేది. అరవై దాటాక మనవడి దగ్గర టైపు నేర్చుకుని, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి నాకు ఈమెయిలు పంపేది. మాగాయ కొలతలూ, మోకాళ్ళ నొప్పులూ, కోడలి మీద చిరుకోపాలూ, అన్నీ అందులోనే. 2011లో అక్క పోయింది. కొన్నాళ్ళకి మా కంప్యూటరు మొండికేసింది. బాగుచెయ్యడానికి వచ్చిన కుర్రాడు "అంతా శుభ్రం చేసేశానండీ" అన్నాడు. నిజంగానే అంతా శుభ్రమైపోయింది!

తప్పు ఆ కుర్రాడిది కాదు. ఉత్తరాల ప్రోగ్రాముల్లో పాప్, ఐమ్యాప్ అని రెండు పద్ధతులుంటాయి. పాప్ పద్ధతిలో ఉత్తరాలు మన కంప్యూటరుకి వచ్చేస్తాయి. అక్కడో నకలు వుంచమని చెప్పకపోతే సర్వరులోంచి చెరిగిపోవచ్చు. నాకు జరిగిందదే. ఐమ్యాప్‌లో అసలు ప్రతి అక్కడే వుంటుంది, మనం ఇక్కడ చదువుకుంటాం. ఆ ప్రోగ్రాము పెట్టిన రోజున ఈ ఒక్క ప్రశ్న నేను అడగలేదు. వంకాయకి పెట్టిన వేలు దీనికి పెట్టలేదు.

మరి ఇప్పుడు దేన్ని ఎంచుకోవాలి? బ్రౌజరులోనే జీమెయిలు తెరుచుకునేవాళ్ళే మనలో ఎక్కువ. సుఖమే. కానీ ఉచితంగా ఇచ్చే 15 జీబీల చోటులో ఫొటోలూ భాగం పంచుకుంటాయి. అది నిండితే కొత్త ఉత్తరం లోపలికి రాదు. రెండేళ్ళు ముట్టుకోని ఖాతాల్ని తీసేసే హక్కు తమకుందని 2023లో గూగుల్ ప్రకటించింది. అమ్మ పేరునో అత్తగారి పేరునో తెరిచి వదిలేసిన ఖాతాలుంటే, ఈవేళే ఓసారి తెరిచి చూడండి.

విండోస్‌తో వచ్చే కొత్త అవుట్‌లుక్ చూడ్డానికి నదరుగానే వుంటుంది. అయితే ఉచితంగా వాడేవారికి ఉత్తరాల మధ్య ప్రకటనలు చూపిస్తుంది. వేరే చోటి ఖాతాని అందులో పెట్టుకుంటే, ఆ ఉత్తరాలు మైక్రోసాఫ్ట్ వారి సర్వర్లలోకి కూడా వెళతాయి. నా ఓటు థండర్‌బర్డ్‌కి. 2004 నుంచీ వున్నదే. విరాళాల మీద నడుస్తుంది, ప్రకటనలుండవు. ముఖం కాస్త పాతకాలపు గుమాస్తాలా వుంటుంది గాని, లెక్క తప్పదు. ఐమ్యాప్ పద్ధతిలో పెట్టుకుంటే అసలు ప్రతి అక్కడా వుంటుంది, ఓ నకలు ఇక్కడా వుంటుంది. ఒక్క హెచ్చరిక: ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. అందుకే నేను ఏటా సంక్రాంతికి అటక దులిపే రోజున ఉత్తరాలన్నీ ఒక విడి డిస్కులోకి ఎక్కించుకుంటున్నాను.

ఆఖరుగా ఒక్క మాట. నలుగురూ వాడే కంప్యూటరులో మీ పాస్‌వర్డు బ్రౌజరుకి అప్పగించారంటే, బీరువాకి తాళం వేసి చెవి దానికే వేలాడదీసినట్టు. ఫైర్‌ఫాక్స్‌లోనూ, థండర్‌బర్డ్‌లోనూ వాటికి ప్రధాన పాస్‌వర్డు అనే పైతాళం పెట్టుకోవచ్చు. అంతకంటే మేలు, కంప్యూటరులోనే ఎవరి ఖాతా వారికి వేరు చేసుకోవడం. ఖాతా మీ పేరున వుండాలి, పాస్‌వర్డు మీకు తెలిసి వుండాలి. "మావారికి తెలుసు, మా అబ్బాయికి తెలుసు" అంటే కుదరదు.

వాకిలిదేముంది, ఇవాళ ఇది, రేపు మరొకటి. మాగాయ పెట్టే రోజుల్లో నాకు అక్క రాసిన కొలత గుర్తుకు రాదు. ఉప్పు దగ్గర చెయ్యి ఆగిపోతుంది.