చెరువు పోయింది, వడ్డీ పోలేదు

పోయిన నెల మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి వచ్చీరాగానే నన్ను బండెక్కించుకుని కైకలూరు వైపు తీసుకెళ్లాడు. రెండెకరాల చేపల చెరువు బేరానికి ఉందట. గట్టు మీద నిలబడి, "చుట్టుపక్కల ధరలో సగమే మావయ్యా. లీజుకిచ్చేస్తే ఏటా డబ్బులొస్తాయి. కాకపోతే దీనికి బ్యాంకు లోను రాదంట, బయట తేవాలి" అన్నాడు. ఆ చివరి మాట నాకు మా నాన్న గొంతులో వినిపించింది.

2003లో నాన్న కొల్లేరు సరస్సులో ఇలాంటి చెరువులోనే వాటా కొన్నారు. రిజిస్ట్రేషన్ లేదు. ఒప్పంద కాగితం, దాని మీద ఇద్దరు పెద్దమనుషుల సాక్షి సంతకాలు, అంతే. డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు, అంటే ఏడాదికి 24 శాతం. అప్పటికి నాలుగేళ్ల ముందే, 1999లో, కొల్లేటిలో అయిదో కాంటూరు దాకా ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించేసింది. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు వరకూ ఉన్న సుమారు 308 చదరపు కిలోమీటర్ల నేల అది. అమ్మినవాళ్లు ఆ సంగతి చెప్పలేదు, నాన్న అడగలేదు. 2006లో ప్రభుత్వం ఆపరేషన్ కొల్లేరు పేరుతో చెరువుల గట్లు తెంపించింది. చెరువు పోయింది. వడ్డీ పోలేదు. ఏడేళ్లు కట్టాం. అమ్మ గాజులు అందులోనే పోయాయి.

గట్లు తెంపడం తప్పని నేననను. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీళ్లన్నీ ఇక్కడికే చేరాలి, ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోవాలి. అడ్డం కట్టిన నీళ్లు ఊళ్ల మీద పడతాయి. తాతల నాటి జిరాయితీ పట్టాలుండీ కాంటూరులో చిక్కుకున్న రైతుల బాధ మాత్రం వేరు, అది న్యాయమైనది. కొత్తగా కొనేవాడికి ఆ న్యాయం వర్తించదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్య ప్రక్రియ మొదలైన నేల మీద వారసత్వంగా తప్ప కొత్త హక్కు పుట్టదు. ఇక పేదలకిచ్చిన డి-పట్టా భూములైతే 1977 చట్టం అడ్డు రావచ్చు. భూమి సర్వే నంబరు రిజిస్ట్రేషన్ల 22-ఏ నిషేధిత జాబితాలో ఉంటే సబ్ రిజిస్ట్రారు దస్తావేజు ముట్టుకోడు.

మావాడికి నేను చెప్పిందొకటే. ఒరేయ్, బ్యాంకు ఇవ్వనంటే చిన్నబుచ్చుకోకు, ఎందుకివ్వదో కనుక్కో. వాళ్ల లాయరు లింకు డాక్యుమెంట్లు వెనక్కి చదువుకుంటూ పోయి ఎక్కడ ఆగాడో మనమూ అక్కడే ఆగాలి. నాన్నకు ఆ మాట చెప్పేవాడు లేకపోయాడు.

చెరువు మాట వదిలేసి, తర్వాత తాడేపల్లిగూడెంలో ఇల్లు చూశాం. 2015లో నిట్ వచ్చాక అద్దెలకు గిరాకీ ఉందని మావాడి లెక్క. ధర 40 లక్షలు. అప్పు 30 లక్షలు దాటితే ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన, కాబట్టి 32 లక్షలు వస్తాయి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే మూడు లక్షలు, మన జేబులోవే. చేతిలో 11 లక్షలుండాలి. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్లయితే నెలకు దాదాపు 27,800 వాయిదా. వచ్చే అద్దె పన్నెండు వేలు. మిగతాది జీతంలోంచి కట్టాలి. అద్దెతోనే అప్పు తీరుతుందని చెప్పేవాళ్లకు ఈ లెక్క చూపించండి. ఇల్లు ఆర్నెల్లు ఖాళీగా ఉన్నా వాయిదా కట్టగలనంటేనే దిగమన్నాను. రెండు రోజులు ఆలోచించుకుని సరేనన్నాడు.

మీసేవలో ముప్పై ఏళ్ల ఈసీ తీయించాం. అందులో పాత తనఖా ఒకటి కనబడింది. బాకీ తీరినట్టు రిజిస్టరైన రశీదు లేదు. "అదెప్పుడో మా నాన్నగారి హయాంలోనే తీరిపోయిందండీ, కాగితం ఎక్కడుందో వెతకాలి" అన్నారు ఇంటాయన. మంచి మనిషే, అబద్ధమాడుతున్నారని నాకనిపించలేదు. నేను నోరు తెరవబోయేలోగా మావాడే అన్నాడు, "వెతకండి బాబాయిగారూ, తొందరేం లేదు. అది దొరికాకే బయానా ఇస్తాను."