సీనియర్ అంటే ఎన్నేళ్లు?

హుజూర్‌నగర్‌లో ఏ పెళ్లికి వెళ్లినా సాఫ్ట్‌వేర్ పిల్లల గురించి రెండే ప్రశ్నలు వినిపిస్తాయి. ప్యాకేజీ ఎంత, ఎక్స్‌పీరియన్స్ ఎన్నేళ్లు? ఈ రెండో లెక్కను నేను నమ్మను. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసి, రెజ్యూమెలో మూడేళ్లు రాసుకునే విద్య మనవాళ్లకు కొత్తేమీ కాదు.

అందుకే ఇంటర్వ్యూలో ఏళ్ల జోలికి పోను. ఇంటర్ మార్కుల మెమోలు ఇచ్చే సాఫ్ట్‌వేర్ రాయాలి, ఎక్కడ మొదలుపెడతావని అడుగుతాను. జూనియర్ వెంటనే జావా అంటాడు, డేటాబేస్ పేరు చెబుతాడు, బోర్డు మీద టేబుళ్లు గీసేస్తాడు. చురుకుదనానికి లోటుండదు. సీనియర్ పెన్ను ముట్టుకోడు. "మార్కులు ఎవరు ఎక్కిస్తారు సార్? రెండోసారి ఎవరు చూస్తారు?" అని నన్నే ఎదురు అడుగుతాడు. కాలువకు నీళ్లు వదిలేముందు లస్కరు కట్ట వెంట నడిచి బొరియలు వెతికినట్టే ఇదీ.

ఆ ప్రశ్నల విలువ 2019 ఏప్రిల్‌లో తెలంగాణ అంతటికీ తెలిసొచ్చింది. ఇంటర్ ఫలితాల్లో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా పడింది. పేపరు తీసి చూస్తే 99. ఓఎంఆర్ షీటులో 99కి బదులు 00 దిద్దారు. ఆ ఒక్క మెమో వరకు కంప్యూటర్ తనకిచ్చినదే చదివింది. కానీ అన్నిట్లో మంచి మార్కులొచ్చి ఒక్కదానిలో సున్నా పడితే, మెమో ఆపి మనిషికి చూపించాలన్న ఆలోచన ముందే ఎవరికో రావాలి. అది సీనియర్ పని.

సీనియర్ ఇంకోటి కూడా అడుగుతాడు. తప్పు బయటపడితే వెనక్కి ఎలా వెళ్లాలి? 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా కంపెనీ అప్‌డేట్ ఒకటి ప్రపంచమంతటా ఒకేసారి వెళ్లి 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ముందు కొద్దిమందికి పంపి చూసుంటే నష్టం అక్కడితో ఆగేది. పెద్ద కంపెనీలోనూ ఈ జాగ్రత్త తప్పిపోతుంది.

రెండేళ్లకే ఇలా ఆలోచించే అమ్మాయిలను చూశాను, పదిహేనేళ్లు దాటినా "నా మెషీన్‌లో నడుస్తోంది" అని చేతులు దులిపేసుకునేవాళ్లనూ చూశాను. కోడ్ రాయడానికి ఇప్పుడు ఏఐ ఉంది. దాని తప్పుకు జవాబు చెప్పాల్సింది మాత్రం మనిషే.

అమీర్‌పేట బస్సెక్కబోయే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రెజ్యూమెలో ఏళ్లు పెంచుకునే తెలివిని, మీరు రాసిన కోడ్ ఎక్కడ దెబ్బతింటుందో, ఎవరిని దెబ్బతీస్తుందో వెతకడంలో పెట్టండి.