ఆ బొటనవేలు ఎవరిది?

నా పిహెచ్.డి. వైవా అయిపోయాక, పరీక్షకులుగా వచ్చిన ఒక పెద్దాయన నన్ను మెచ్చుకున్నారు. "మగవాడిలా వాదించావమ్మా" అన్నారు. నేను పొంగిపోయి నమస్కారం పెట్టాను. ఆ పొంగిపోవడం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎమిలీ రెమ్లర్ గిటార్ వింటున్నప్పుడల్లా ఆ రోజు నాకు గుర్తొస్తుంది. దానికి కారణం ఆమె సంగీతం కాదు, ఆమె అన్న ఒక మాట.

రెమ్లర్ 1957లో న్యూయార్క్‌లో పుట్టింది. బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో చదివింది. న్యూ ఆర్లీన్స్‌లో వాయిస్తూ ఎదిగింది. 1981లో 'ఫైర్‌ఫ్లై' అనే తొలి ఆల్బం తెచ్చింది. 1982లో 'పీపుల్' పత్రికతో మాట్లాడుతూ, పైకి తాను న్యూజెర్సీ నుంచి వచ్చిన బుద్ధిమంతురాలైన యూదు పిల్లలా కనిపించినా లోపల మాత్రం యాభై ఏళ్ళ భారీ నల్లజాతి మగవాడినని, వెస్ మాంట్‌గోమరీకి ఉన్నటువంటి పెద్ద బొటనవేలు తనకుందని చెప్పింది. అప్పటికి ఆమె వయసు పాతికేళ్ళు.

మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. ఇంత బాగా వాయించగల స్త్రీ తన లోపల ఒక మగవాణ్ణి ఊహించుకుంటే తప్ప గిటార్ పట్టుకోలేకపోయిందా? పైగా ఒక తెల్లజాతి స్త్రీ నల్లజాతి శరీరాన్ని అంత తేలిగ్గా తొడుక్కోవచ్చా? ఈ రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. కానీ ఆమె సంగీతం విన్న కొద్దీ అవి మాత్రమే సరిపోవనిపించింది.

1988లో వచ్చిన 'ఈస్ట్ టు వెస్' ఆల్బంలో 'బ్లూస్ ఫర్ హెర్బ్' అనే రచన ఉంది. తనను చేయిపట్టి కాంకర్డ్ జాజ్ ఉత్సవానికి తీసుకెళ్ళిన గిటారిస్టు హెర్బ్ ఎల్లిస్‌కు అది ఆమె కానుక. పియానో మీద హాంక్ జోన్స్ ఉన్నారు. బ్లూస్ చట్రం చాలా చిన్నది. మామూలుగా పన్నెండు బార్లు, మూడు కార్డులు. ఒక మాట అంటుంది, అదే మాట మళ్ళీ అంటుంది, మూడోసారి దానికి బదులు చెబుతుంది. మన ఇళ్ళలో ఆడవాళ్ళు కష్టం చెప్పుకునే తీరు కూడా ఇదే కదా! జాజ్ ఆ చట్రాన్ని పగలగొట్టదు. ఆ మూడు కార్డుల మధ్య కొత్త సందులు తీస్తుంది. రెమ్లర్ వాయింపులో నాకు నచ్చేది ఈ రెండింటి మధ్య రాకపోకలు. పాత బ్లూస్ పలుకును పక్క స్వరం నుంచి కొద్దిగా జార్చి పలికిస్తుంది. అక్కడి నుంచి జాజ్ పరుగందుకుంటుంది. ఎంత దూరం పోయినా ఆ పలుకును మాత్రం చేజార్చుకోదు.

సాహిత్య విద్యార్థినిని కనుక నాకు మాటలు కావాలి. మాటలు లేని సంగీతంలో 'స్త్రీ గొంతు' ఎక్కడుందని చాలాకాలం వెతికాను. అలా వెతకడం ఆమె జీవితాన్ని సంగీతం మీద రుద్దడానికే దారి తీసింది. ఆమె మాదకద్రవ్యాలకు అలవాటుపడింది. 1990లో ఆస్ట్రేలియా పర్యటనలో 32 ఏళ్ళకే గుండె ఆగి చనిపోయింది. ఇక ప్రతి స్వరంలోనూ విషాదం వెతుక్కోవడం సులువు. కానీ ఈ రచనలో నాకు వినిపించేది విషాదం కాదు, పని తెలిసిన మనిషి నిబ్బరం.

మళ్ళీ ఆ బొటనవేలి దగ్గరికి వస్తాను. ఇండియానాపొలిస్‌కు చెందిన వెస్ మాంట్‌గోమరీ (1923-1968) ప్లెక్ట్రమ్ వాడకుండా బొటనవేలితో మీటేవాడు. పగలంతా ఉద్యోగం, రాత్రి సాధన. ప్లెక్ట్రమ్ చప్పుడుకు ఇరుగుపొరుగు విసుక్కోవడంతో వేలితో మెల్లగా మీటడం మొదలుపెట్టాడని ఆయన గురించి చెప్పుకుంటారు. ఆ గుండ్రటి, మెత్తటి నాదం అలా పుట్టింది. అంటే మగతనానికి గుర్తుగా రెమ్లర్ అరువు తెచ్చుకున్న ఆ వేలు, పడుకున్నవాళ్ళకు నిద్ర చెడకూడదనే జాగ్రత్తలోంచి వచ్చింది! ఇల్లు సద్దుమణిగాక, దీపం వెలుతురు ఎవరి కళ్ళలోనూ పడకుండా రాసుకునే మనకు ఆ జాగ్రత్త కొత్తా?

ఇంకో బొటనవేలు కూడా ఉంది. నార్త్ కరోలినాలో పుట్టిన నల్లజాతి స్త్రీ ఎలిజబెత్ కాటన్‌ది ఎడమచేతి వాటం. కుడిచేతి వాళ్ళ గిటార్‌ను తీగలు మార్చకుండా తిరగేసి పట్టుకుని వాయించేది. అందుకని మంద్రపు తీగలను వేళ్ళు మీటితే, రాగాన్ని బొటనవేలు పలికించేది. ఎన్నో ఏళ్ళు గిటార్‌కు దూరమై, ఒకరింట్లో పనిచేస్తూ మళ్ళీ పట్టుకుంది. మొదటి ఆల్బం 1958లో వచ్చింది. అందులో పాటలతో పాటు ఉత్త గిటార్ వాయింపులూ ఉన్నాయి. కాటన్ 1987 దాకా బతికింది. రెమ్లర్ ఆ మాట అన్ననాటికి, బొటనవేలితో రాగం పలికించే ఒక నల్లజాతి స్త్రీ అదే దేశంలో కచేరీలు చేస్తోంది.

కాటన్‌ది జాజ్ కాదు, నిజమే. కానీ పెద్ద వేలంటే మగవాడి వేలేనని ఒక అమ్మాయికి అనిపించిందంటే, తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆమె చేతికందిన వారసత్వంలో ఎవరి పేర్లు ఉంచారు, ఎవరివి తీసేశారు అన్నదే ప్రశ్న. రెమ్లర్ తన గురువులను దాచుకోలేదు, వాళ్ళ పేర్లనే రచనలకు పెట్టుకుంది. ఆ నిజాయితీకి నేను తలవంచుతాను. నమూనా దొరకక ఆమె అన్న మాటకు ఇప్పుడు నాకు కోపం లేదు. అన్నీ తెలిసిన ఆ పెద్దాయన మాట మీదే ఉంది.

మొన్న ఒక విద్యార్థిని వ్యాసం దిద్దుతూ చివర "గట్టిగా వాదించావు" అని రాశాను. కలం కాసేపు ఆగింది. ఎవరిలాగో చెప్పాల్సిన అవసరం కనిపించలేదు.