మచ్చలే ఆనవాళ్లు

2018 మార్చిలో కాలిఫోర్నియా తీరంలోని మాంటెరీ అఖాతం అడుగున ఒక కేబుల్‌కు నాలుగు రోజులు సెలవు దొరికింది. సముద్ర పరిశోధన పరికరాలకు కరెంటు, డేటా అందించే ఆ 52 కిలోమీటర్ల లైనును మరమ్మతు పనుల కోసం ఆపారు. నథానియెల్ లిండ్సే, క్రెయిగ్ డావ్, జొనాథన్ అజో-ఫ్రాంక్లిన్ ఆ వ్యవధిని అందిపుచ్చుకున్నారు. ఒడ్డున ఉన్న కొసకు ఒక పెట్టె తగిలించి, మొదటి 20 కిలోమీటర్ల గాజుపోగును రెండేసి మీటర్లకు ఒకటి చొప్పున 10,000 భూకంపమాపకాలుగా వాడుకున్నారు. నీళ్లలోకి కొత్తగా ఒక్క పరికరం దించలేదు. ఆ రోజుల్లోనే లోతట్టున గిల్‌రాయ్ దగ్గర 3.4 తీవ్రతతో భూమి కంపించింది. ఆ తరంగాలు కేబుల్ కింద నుంచి సాగిన తీరును బట్టి, అంతవరకు ఏ పటంలోకీ ఎక్కని భ్రంశాలు సముద్రగర్భంలో బయటపడ్డాయి. 2019లో 'సైన్స్' పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి.

ఈ విద్య పేరు డిస్ట్రిబ్యూటెడ్ అకౌస్టిక్ సెన్సింగ్, పొట్టిగా డీఏఎస్. ఇందులో పోగుకు అదనంగా చేర్చేది ఏమీ ఉండదు. మన వీధిలోకి ఇంటర్నెట్ తెచ్చే బాపతు పోగే అది. పనితనమంతా ఒక కొసన కూర్చున్న పెట్టెలో, అది కట్టే లెక్కలో ఉంది. ఆ లెక్కకు ఆధారం, టెలికాం ఇంజినీర్లు ఏళ్ల తరబడి వదిలించుకోవాలని చూసి, కుదరక ఊరుకున్న ఒక లోపం.

ఆ లోపం గాజు పుట్టుకతోనే వస్తుంది. పోగు మందం 125 మైక్రాన్లు. అందులో వెలుతురు నడిచే కోర్ తొమ్మిది మైక్రాన్ల లోపు. గాజులోని మలినాలు తీసేస్తే వెలుతురు చాలా దూరం పోతుందని చార్లెస్ కావ్ 1966లో చెప్పాడు. 1970లో కార్నింగ్ కంపెనీ కిలోమీటరుకు నష్టాన్ని 20 డెసిబెల్స్ కంటే కిందికి దించింది. ఇవాళ అది 0.2 దగ్గర ఉంది. పదిహేను కిలోమీటర్లు నడిచాక కూడా సగం వెలుతురు మిగులుతుంది. మలినాలు పోయాయి, నీటి తడి పోయింది. మిగిలిన నష్టంలో పెద్ద వాటా ఒక్కదానిదే. దాదాపు 2,000 డిగ్రీల వేడిలో కరిగిన గాజును పోగుగా లాగి చల్లార్చేటప్పుడు, దాని సాంద్రతలోని సూక్ష్మమైన హెచ్చుతగ్గులు అలాగే గట్టిపడిపోతాయి. వాటికి తగిలి వెలుతురులో కొంత చెదురుతుంది. దీన్నే ర్యాలీ పరిక్షేపణం అంటారు. ఆకాశం నీలంగా కనిపించేది కూడా దీనివల్లే.

చెదిరిన వెలుతురులో పిసరంత వెనక్కి వస్తుంది. గాజులో హెచ్చుతగ్గుల అమరిక ఏ రెండు చోట్లా ఒకేలా ఉండదు, గట్టిపడ్డాక మారదు. పదో తరగతి సర్టిఫికెట్‌లో మనిషిని గుర్తుపట్టడానికి పుట్టుమచ్చలు రాసినట్టు, పోగులో ప్రతి మీటరుకూ దాని మచ్చలే ఆనవాలు. కొసన ఉన్న పెట్టె లేజర్ తునక ఒకటి పంపి, వెనక్కి వచ్చేదాన్ని కనిపెట్టుకుని ఉంటుంది. గాజులో వెలుతురు సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, రాకపోకలకు కలిపి మీటరుకు పది నానోసెకన్లు పడుతుంది. ఎంత ఆలస్యంగా వచ్చిందో తెలిస్తే ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినట్టే. లైన్‌మెన్ దగ్గర ఉండే ఓటీడీఆర్ అనే పరికరం చేసేదీ ఇదే. తెగిన చోటు ఎన్నో మీటరులో ఉందో చెబుతుంది.

డీఏఎస్ అంతటితో ఆగదు. తిరిగొచ్చిన వెలుతురు ఎంత ఉందన్నదే కాక, దాని తరంగం ఏ దశలో ఉందో కూడా చూస్తుంది. పది మీటర్ల ముక్క 0.7 మైక్రాన్ సాగితే, అంటే కోర్ మందంలో పదో వంతు కూడా లేనంత సాగితే, ఆ దశ పూర్తిగా ఒక చుట్టు తిరుగుతుంది. ఆ చుట్టులో నూరో వంతును కూడా ఈ పెట్టె పట్టుకుంటుంది. చేతికి అందే సరుకు మాత్రం చాలా పలుచన. వంద నానోసెకన్ల తునక పంపితే, ఏ ఒక్క చోటి నుంచైనా వెనక్కి వచ్చేది పది లక్షల్లో ఒక వంతు కూడా ఉండదు. తునక పొడవు పెంచితే వెలుతురు పెరుగుతుంది కానీ చోటు అలుక్కుపోతుంది. ఒక తునక ప్రతిధ్వని పూర్తిగా వచ్చేదాకా ఇంకోటి పంపకూడదు. 20 కిలోమీటర్ల పోగు మీద సెకనుకు 5,000 దాటకూడదు. ఈ బేరాలన్నీ తూచి పెట్టెను సవరించడమే ఇక్కడి నేర్పు.

దీనికో ఇంటిదొంగ ఉంది. మచ్చల నుంచి వచ్చే వెలుగులన్నీ కలిసేటప్పుడు, కొన్ని చోట్ల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అక్కడ వెలుతురే ఉండదు, దశ ఎంతో చెప్పలేం. ఆనవాలు ఇచ్చిన మచ్చలే ఆ చోట మొహం చాటేస్తాయన్నమాట. మందు కూడా వాటిలోనే దొరికింది. కాస్త తేడాతో రెండు మూడు రంగుల వెలుతురు పంపితే, ఒక రంగు మూగబోయిన చోట ఇంకో రంగు పలుకుతుంది. అన్నింటినీ కలిపి చదివితే ఖాళీలు పూడుతాయి.

ఇంత సున్నితమైన యంత్రానికీ నేల మీద సుత్తి పట్టిన మనిషి కావాలి. నగరంలో కేబుల్ తిన్నగా పోదు. తర్వాతి జాయింట్లకు పనికొస్తుందని నేల కింద ఉండే ప్రతి చాంబర్‌లో కొంత కేబుల్ చుట్ట చుట్టి వదులుతారు. పోగులో వెయ్యో మీటరు వీధిలో వెయ్యో మీటరు కాకుండా పోతుంది. అందుకే ఒకరు జీపీఎస్ పట్టుకుని దారి వెంట నడుస్తూ, ఆగిన చోటల్లా నేల మీద సుత్తితో కొడతారు. ఇంకొకరు తెర మీద ఏ మీటరు దగ్గర అదిరిందో రాసుకుంటారు. ఈ పని సరిగ్గా జరగకపోతే మిగతా లెక్కంతా తప్పు చిరునామాకు చేరుతుంది.

వెనక్కి వచ్చే వెలుతురులో ఇంకా పలుచని పాలు ఒకటుంది, అది రామన్ ప్రభావానిది. చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1928లో కలకత్తాలో కనిపెట్టిన ఈ ప్రభావంలో, రంగు మారి వచ్చే వెలుతురు రెండు రకాలు. వాటి నిష్పత్తి ఆ చోటి వేడిని చెబుతుంది. సొరంగాల్లో మంటలు, భూగర్భ విద్యుత్ కేబుళ్లలో వేడి పసిగట్టడానికి దీన్నే వాడుతున్నారు.

మహాసముద్రాలు దాటే కేబుళ్ల మీద మామూలు డీఏఎస్ సాగదు. యాభై నుంచి వంద కిలోమీటర్లకొకటి చొప్పున ఉండి వెలుతురుకు బలం పెంచే రిపీటర్లు వెలుతురును ఒకే దిక్కుకు పోనిస్తాయి. వెనక్కి వచ్చేది అక్కడే ఆగిపోతుంది. అక్కడ కూడా పరిశోధకులు పారేసే సరుకునే వెతికారు. సందేశం చదవడానికి ముందు రిసీవర్ వెలుతురు ధ్రువణంలో వచ్చిన మార్పును లెక్కగట్టి సరిచేస్తుంది, ఆపై ఆ లెక్కతో దానికి పనిలేదు. కాల్‌టెక్‌కు చెందిన జోంగ్‌వెన్ ఝాన్, గూగుల్ ఇంజినీర్లు కలిసి ఆ లెక్కనే అడిగి తీసుకున్నారు. లాస్ ఏంజెలిస్ నుంచి చిలీలోని వాల్పరైసో దాకా 10,000 కిలోమీటర్లకు పైగా పోయే క్యూరీ కేబుల్ మీద, రోజువారీ ట్రాఫిక్ నడుస్తుండగానే, 2020 జూన్‌లో మెక్సికోలోని ఒవాహాకాను కుదిపిన 7.4 తీవ్రత భూకంపం అందులో కనిపించింది. అయితే కదలిక దారి మొత్తంలో ఎక్కడ పుట్టిందో ఈ పద్ధతి నేరుగా చెప్పలేదు. బ్రిటన్ నేషనల్ ఫిజికల్ లేబొరేటరీలో జుసెప్పె మర్రా బృందం ఆ లోటు తీర్చింది. రిపీటర్ల ఆరోగ్యం చూసుకోవడానికి వాటిలో కొద్ది వెలుతురును వెనక్కి మళ్లించే దారులు ముందే ఉన్నాయి. బ్రిటన్, కెనడాల మధ్య 5,860 కిలోమీటర్ల కేబుల్ మీద ఆ దారుల సాయంతోనే కేబుల్‌ను ముక్కలుగా విడదీసి విన్నారు, 2022లో ప్రకటించారు.

డీఏఎస్‌కు లోపాలు లేకపోలేదు. పోగు తన పొడవునా జరిగే సాగుడునే బాగా వింటుంది. అడ్డంగా వచ్చే కదలిక దానికి సరిగా చెవికెక్కదు. మట్టికి అంటుకోని కేబుల్, గొట్టంలో వదులుగా పడున్న కేబుల్ నేల మాట సరిగా చెప్పవు. డేటా గుట్టలుగా పోగుపడుతుంది.

ఇప్పుడు టెలికాం వాళ్లు గాజునే తప్పించే పనిలో ఉన్నారు. నడుమ గాలి ఉండే బోలు పోగుల్లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు నష్టాన్ని కిలోమీటరుకు 0.1 డెసిబెల్ లోపుకు తెచ్చినట్టు 2025లో ప్రకటించారు. ఇలాంటి పోగుల్లో వెనక్కి వచ్చే వెలుతురు మామూలు పోగుతో పోలిస్తే పదివేల వంతుల తక్కువ. సందేశానికి అది వరమే కానీ, మచ్చలు చదివి బతికే ఈ విద్యకు చదవడానికేమీ మిగలదు. ఇప్పటికే భూమిలో, సముద్రంలో ఉన్న గాజుపోగులు మాత్రం దశాబ్దాలు ఉంటాయి. వాటి నుంచి పని రాబట్టడానికి కొత్త తవ్వకాలు అక్కర్లేదు. కేబుల్ వేసేవాళ్లు ఒక పోగు ఖాళీగా వదిలి, ఏ చాంబర్‌లో ఎన్ని మీటర్ల చుట్ట పెట్టారో రాసిపెడితే, మిగతాది ఒడ్డున ఉన్న పెట్టె చూసుకుంటుంది.