గాజు పానపాత్ర: వారసత్వ నిర్ణయంలో న్యాయం

నెల్లూరు తీరాన దొరవారిసత్రానికి ఉత్తరంగా గూడూరు, చిల్లకూరు, కోట ప్రాంతాలలో దొరికే తెల్లని సిలికా ఇసుక గాజు కర్మాగారాలకు ముడిసరుకు. ఇసుకకు జాతి లేదు. అది పాత్రగా మారిన తరువాతనే వారసత్వ వివాదం మొదలవుతుంది.

ఈ వివాదానికి 18వ శతాబ్దపు ఇంగ్లీషు పానపాత్ర మంచి ఉదాహరణ. గిన్నె మీద చక్రంతో చెక్కిన పూలు, కాడ లోపల మెలి తిరిగిన రంగు గాజు పోగులు దాని ప్రత్యేకతలు. దీనిని చూసి కొందరు గాజుకళ వెనిస్‌లో పుట్టిందంటారు. మరికొందరు ఇదంతా ముస్లిముల సొత్తేనంటారు. రెండు వాదాలూ పాత్రను సరిగా చూడనివే.

మొదటి వాదం చరిత్రను సగంలో ప్రారంభిస్తుంది. బంగారు, వెండి పాత్రలలో త్రాగరాదన్న ప్రవక్త (స) ఆదేశం బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. ముస్లిం సమాజంలో గాజుకు, మట్టిపాత్రకు లభించిన గౌరవాన్ని గ్రహించటానికి ఇదొక ఆధారం. 9, 10 శతాబ్దాలలో ఇరాన్, ఇరాక్ పనివారు గాజును చక్రంతో ఉబ్బెత్తుగా చెక్కారు. 13, 14 శతాబ్దాలలో సిరియా, ఈజిప్టు పనివారు దానికి బంగారు పూత, ఎనామెల్ రంగులు అద్దారు. ఆ పనితనాన్ని వెనిస్ ఎరుగును.

రెండవ వాదానికీ ఆధారం చాలదు. చక్రంతో చెక్కే విద్య రోమన్, సాసానీ పనివారికి ముందే తెలుసు. ప్రేగ్‌లో కాస్పర్ లేమన్ 1609లో గాజు చెక్కడానికి చక్రవర్తి రెండవ రుడాల్ఫ్ నుండి ప్రత్యేక హక్కు పొందాడు. ఆయన విద్య స్ఫటికాన్ని, రత్నాలను చెక్కే వారి నుండి వచ్చింది, బగ్దాదు నుండి కాదు. కాడలోని పోగుల మెలికకు మూలం 16వ శతాబ్దపు వెనిస్ పనితనం. 1745లో బ్రిటిష్ పార్లమెంటు గాజుపై బరువును బట్టి పన్ను విధించిన తరువాత, బరువు తగ్గించి అలంకారం పెంచే ధోరణి బలపడింది. పోలిక కనిపించినంత మాత్రాన వారసత్వం రుజువు కాదు.

ఇక, ఇది మద్యపాత్ర గదా అన్న ఆక్షేపణ. మద్యం నిషిద్ధమనడంలో సందేహం లేదు. అయితే ఆ తీర్పు పానీయానికి సంబంధించినది. చెక్కిన చేతి నైపుణ్యాన్ని వేరుగానే తూచాలి.

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో భారతీయ గాజు, ఐరోపా గాజు రెండూ ఉన్నాయి. అక్కడ ప్రతి పాత్ర ముందూ అడగవలసినది ఇది ఎవరి గొప్ప అని కాదు, ఏ పని ఎవరు ఎవరి వద్ద నేర్చారని. ఇతరుల శ్రమను తమ ఖాతాలో వేసుకునే అభిమానం, తమ పూర్వీకుల శ్రమను మరచిన అజ్ఞానం, రెండూ అన్యాయమే.