ఉప్పునీటి తొట్టిలో నైట్రేటు లెక్క

బెంగళూరు బొమ్మనహళ్ళిలో ఉప్పునీటి చేపల్ని పెంచాలనుకునేవాళ్ళు ముందు తమ కొళాయిలో వచ్చే నీళ్ళేవో కనుక్కోవాలి. ఒక వీధికి కావేరి నీళ్ళు, పక్క వీధికి బోరు, ఎండాకాలంలో రెండింటికీ ట్యాంకరు. మురుగు ఇంకే నేలలో బోరు వేస్తే నైట్రేటు తప్పదు. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాముల దాకా నైట్రేటును మన ప్రమాణాలు ఒప్పుకుంటాయి. రొయ్యలు, ఎనిమోన్లు ఉన్న తొట్టిలో మాత్రం అది 10 దాటకుండా చూసుకోవడం మేలు. అలాంటి బోరు నీళ్ళతో తొట్టి నీళ్ళు మారిస్తే నైట్రేటును చేజేతులా పోసినట్టే.

అందుకే ఆర్ఓ నీళ్ళు కావాలి. ఇక్కడొక జాగ్రత్త. ఇంట్లో తాగే ఆర్ఓ మిషన్లలో చాలావాటికి, రుచి కోసం కొంత ముడినీటిని కలిపే టీడీఎస్ అడ్జస్టరు ఉంటుంది. తొట్టి కోసం నీళ్ళు పట్టేటప్పుడు దాన్ని పూర్తిగా కట్టేయాలి. ఆ నీళ్ళలో అక్వేరియం ఉప్పు కలిపి సాంద్రతను 1.025కి తేవాలి. వంటింటి ఉప్పులో సముద్రపు కాల్షియం, మెగ్నీషియం ఉండవు కనుక అది పనికిరాదు.

ఫిల్టరు ఉన్నా నైట్రేటు పెరుగుతోందేమిటని చాలామంది అడుగుతారు. ఫిల్టరు పని చేస్తోంది కాబట్టే పెరుగుతోంది! చేపలు వదిలే అమ్మోనియాను అందులోని బ్యాక్టీరియా నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మారుస్తుంది. ప్రాణం తీసే విషం పోతుంది, నైట్రేటు మిగులుతుంది. దాన్ని వాయువుగా మార్చి పంపే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందని చోటు కావాలి. అది స్పాంజిలో దొరకదు, సన్నని రంధ్రాలున్న రాయి లోపల దొరుకుతుంది. జకార్తాలో లీ చిన్ ఎంగ్ 1960లలోనే సముద్రపు రాళ్ళను, గాలి బుడగలను నమ్ముకుని తొట్లు నడిపి చూపించారు. మన దగ్గర పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. కాబట్టి దిబ్బల నుంచి తెచ్చిన రాయిని ఎంత చవగ్గా ఇచ్చినా కొనకండి. రంధ్రాలున్న కృత్రిమ రాయి చాలు, కాకపోతే బ్యాక్టీరియా కుదురుకోవడానికి నెలలు ఆగాలి.

నా మటుకు చిన్న తొట్టికి అన్నిటికన్నా విలువైన సాధనం స్కిమ్మరు. సన్నని బుడగలు మాంసకృత్తుల్ని పట్టుకుని పైకి లేస్తాయి. గిన్నెలో చేరే గోధుమరంగు నురుగు ముక్కు మూసుకునేంత కంపు కొడుతుంది. ఆ కంపంతా కుళ్ళి నైట్రేటు కాకముందే బయటపడ్డ సరుకే. స్పాంజిని కూడా వారం వారం, తొట్టిలోంచి తీసిన ఉప్పునీళ్ళలోనే పిండాలి. కొళాయి నీళ్ళలోని క్లోరిన్ బ్యాక్టీరియాను చంపేస్తుంది.

ఇక నీళ్ళు మార్చడం. 100 లీటర్ల తొట్టిలో నైట్రేటు 40 ఉంటే, 20 లీటర్లు మార్చినా 32కే దిగుతుంది. వారంలో వేసే మేత దాన్ని మళ్ళీ ఎక్కించగలదు. కాబట్టి మేత దగ్గరే చెయ్యి బిగపట్టాలి. గడ్డకట్టిన రొయ్యల మేతను కరిగించి, ఆ నీళ్ళు పారబోసి, రెండు నిమిషాల్లో చేపలు తినేసేంతే వేయాలి.

ఇంత శ్రమా ఎందుకంటే, క్లౌన్ చేప పదేళ్ళకు పైగా బతకగల ప్రాణి. కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిచేత తొట్లలోనే గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచే పద్ధతిని రూపొందించింది. అలా పెరిగిన పిల్లల్నే అడిగి కొనండి.